జ్వరం దిగిన మధ్యాహ్నం

సీసా అయిపోయేదాకా. మాన్‌సింగ్ ఇచ్చిన గడువు అంతే. మంచం పక్కన ఇనుపరాటకు తలకిందులుగా వేలాడుతున్న గాజుసీసాలో సెలైన్ ఉన్నంతసేపు ఆయన కోడలు రామి ఈ వార్డులో ఉంటుంది, అది ఖాళీ కాగానే గేటు దగ్గర నిలబెట్టిన ఎడ్లబండి ఎక్కి తండాకు పోతుంది. జ్వరం దిగింది కదా, ఇంకేం కావాలి మీకు, అన్నాడు ముసలాయన, కోపంగా కూడా కాదు, పట్టరాని సంతోషంతో. డాక్టరు సుగుణకు ఆ సంతోషం చూసే అరికాలి మంట నెత్తికెక్కింది. ఏం చెప్పాలి ఆయనకు? రామి కాలి బొటనవేలు తన గుప్పిట్లో ఉంది, అప్పుడే బావిలోంచి తోడిన నీళ్లలా చల్లగా ఉంది, ఆ చల్లదనం చూసి వాళ్లు పండగ చేసుకుంటున్నారు, ఆ చల్లదనానికే తన గుండె జారిపోతోంది. కిటికీ అవతల ఆషాఢపు ముసురు. మానుకోట మిర్చి వర్తకులు చందాలు వేసుకుని కట్టించిన ధర్మ దవాఖాన ఇది. కాగితాల మీద ఊరిపేరు మహబూబాబాద్ అని రాస్తారు గానీ అట్లా పిలిచే నోరు ఈ బజార్లో లేదు. ఎండుమిర్చి ఘాటు ఫినాయిల్ వాసనను కూడా తొక్కేసి వార్డంతా పరుచుకుని ఉంటుంది. నిన్నటిదాకా రామి ఆ ఘాటుకు తుమ్మేది, మూలిగేది, కప్పిన దుప్పటి తన్నేసేది, సూది పట్టుకుని దగ్గరికొస్తే తమ భాషలో చెడామడా తిట్టేది. పొద్దున్నుంచి ఎంత బుద్ధిమంతురాలో. పిలిస్తే కళ్లు తెరుస్తుంది, మళ్లీ మూస్తుంది. సుగుణకు ఈ బుద్ధిమంతులంటే భయం.

గొట్టం మీద చిన్న మర ఉంది. బిగిస్తే సెలైన్ చుక్కచుక్కగా దిగుతుంది, సాయంత్రం దాకా సాగుతుంది, పొద్దు గూకితే ఇవాళ్టికి వాళ్ల ప్రయాణం లేనట్టే. మాన్‌సింగ్ మాట తప్పే మనిషి కాదు, మర వంక చూసే మనిషీ కాదు. ఎంత తేలికైన మోసం, రెండు వేళ్లతో అయిపోయే పని. కానీ రామి రక్తనాళాలన్నీ వదులైపోయి నీరంతా ఒంట్లోకి ఊరిపోయింది, ఇప్పుడు చుక్కచుక్కగా పోస్తే సీసా మిగులుతుంది, మనిషి మిగలదు. ధారగా పోయాలి. ధారగా పోస్తే గంటలో ఖాళీ, గంటలో బండి. సుగుణ మర పూర్తిగా వదిలేసింది. తాగు తల్లీ, ఎంత తాగుతావో తాగు. బుడగలు గబగబా పైకి లేస్తున్నాయి, ఒక్కో బుడగా తన గడువును కొరుక్కుతింటోంది, తిననీ. జనగామలో అమ్మ చూస్తే నెత్తి కొట్టుకునేది, షావుకారి ఇంట పుట్టి గిదేం బేరమే అని. బేరం చేతకాదు అమ్మా, ఏనాడు చేతనైంది గనక.

అందరి పోట్లాటా జ్వరంతోనే. తండాలో కాన్పయి, ఒళ్లు పెనంలా కాలుతూ రామి ఇక్కడికి వచ్చిన నాటినుంచి నర్సులు తడిబట్టలు వేస్తూనే ఉన్నారు, జ్వరం దించే సూదులు పొడుస్తూనే ఉన్నారు. కడుపులో ఉండిపోయిన మాయ ముక్క నిన్న తీశారు, మంచిదే, ఆ పని సుగుణే పోరి పోరి చేయించింది. అటు అత్త చాందీ తన పని తాను చేసింది. శీత్లా యాడికి మొక్కుకుంది. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ, ఒంటి మంటలు చల్లార్చే అమ్మ. ఈ మంట చల్లార్చు, చల్లార్చిన రోజే పొద్దు గూకకముందే నా కోడల్ని తెచ్చి నీ ముందు నిలబెడతా, దాని చేత్తోనే నీకు కోడిని ఇప్పిస్తా, అని. ఇవాళ పొద్దున ఒళ్లు చల్లబడింది. అమ్మ పలికింది. పలికిన తల్లిని ఎదురుచూడనిస్తారా ఎవరైనా? చాందీ ఈ సంగతి చెబుతూ మనవడిని గుండెలకు హత్తుకుని ఏడ్చింది, ఆనందంతోనే. ఇక డ్యూటీ డాక్టరు నర్సింగరావు, పుస్తకాలు చదివినవాడు, వార్డులో గబగబా తిరుగుతూ థర్మామీటరు పైకెత్తి చూసి, శుభం, తీసుకుపోండి, అని చేతులు దులుపుకున్నాడు. పల్స్ పరుగెత్తుతోంది సార్, చేతికి అందడం లేదు, అని సుగుణ అంటే, నీరసం అన్నాడు. చాందీ మొక్కుకూ ఈయన థర్మామీటరుకూ ఏం తేడా, ఇద్దరిదీ ఒకే దేవత. చాందీ నయం, కోడినైనా ఇస్తుంది.

వేలు ఇంకా చల్లగానే ఉంది. మోకాళ్ల మీద ఊదారంగు మరకలు. గోరు నొక్కి వదిలితే తెల్లబడి, ఆ తెలుపు ఎంతకీ పోవడం లేదు. ఇదే తెలుపు, ఇదే గోరు, కాకపోతే అది మగపిల్లవాడి కాలు, మడమ దగ్గర పగుళ్లు, చెప్పుల్లేకుండా పట్టాల మీద తిరిగిన కాలు. అన్న వెంకట్రాజం. అరవైతొమ్మిదిలో జనగామ కాలేజీలకు తాళాలు పడి, పిల్లలంతా రోడ్ల మీదా రైలు పట్టాల మీదా ఉన్న ఏడు. చదువులు గాలికి పోయాయని నాయిన తిడుతుంటే, చదివినా కొలువులు మనకు రావు గదా నాయినా అని అన్న నవ్వేవాడు. లాఠీలు లేచిన రోజు స్టేషను కంచె దూకబోతే తుప్పు తీగ పిక్కలోకి దిగింది. పోలీసులు ఎక్కడ పట్టుకుపోతారో అని ఇంటి వెనక గోదాములో, చింతపండు బస్తాల చాటున పడుకోబెట్టారు. కాంపౌండరు చీకటి పడ్డాక వచ్చి పొడి చల్లి పోయేవాడు. కాలు ఉబ్బింది, నలుపెక్కింది, చింతపండు పులుపు వాసనలో చీము వాసన కలిసింది, ఆ వాసన వస్తే సుగుణకు ఈ రోజుకీ అన్నం దిగదు. జ్వరం మీద జ్వరం. ఆ మైకంలో నినాదాలు ఇచ్చేవాడు, వీధిలోకి వినిపిస్తుందని అమ్మ కొంగు కుక్కేది నోట్లో, కుక్కుతూ ఏడ్చేది. ఒక పొద్దున నినాదాలు ఆగిపోయాయి. ఒళ్లు చల్లబడింది. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టి ఇరుగుపొరుగుకు చక్కెర పంచింది, నాయిన అన్నాళ్లకు దుకాణం తలుపులు పూర్తిగా తెరిచాడు. సుగుణ అన్న కాలు పట్టుకుంది. అమ్మా, కాళ్లు మంచులెక్క ఉన్నయి, పిలిస్తే పలుకుతలేడు, దవాఖానకు తీస్కపోదాం, అంది. ఒకసారి కాదు, దుకాణంలోకి పోయి నాయినతో, వాకిట్లో నిలబడి మేనమామతో, పిలవగానే వచ్చిన కాంపౌండరుతో. చల్లవడ్డడు బిడ్డా, గండం గడిచింది, మంచిమాట పలుకు, అంది అమ్మ. దీపాలు పెట్టే వేళకు అన్న పోయాడు. లాఠీలే చంపాయన్నారు కొందరు, తుప్పు తీగ అన్నారు కొందరు, దిష్టి అన్నారు. ఆ పొద్దుటి చల్లదనాన్ని మాత్రం ఎవరూ తప్పు పట్టలేదు. తనకు ఏ పశ్చాత్తాపమూ లేదు, తను చెప్పింది, గొంతు చించుకుని చెప్పింది. చెవిన పెట్టలేదు వాళ్లు. అప్పటినుంచి ఆమెకు పగ ఉన్నది చావు మీద కాదు, ఆ చక్కెర మీద.

పగ పట్టిన మనిషి చదువుతుంది. పట్నంలో పెద్ద కాలేజీ, డాక్టరు పట్టా, ఆ తర్వాత పరిశోధన. రక్తంలోకి విషక్రిములు ఎక్కినప్పుడు ఒళ్లు ఏం చేస్తుంది? అందరూ క్రిమి వెంట పడితే ఆమె ఒంటి వెంట పడింది. క్రిమి ఒక్కటే చంపదు. దాన్ని తరమడానికి లేచిన బలగమే, తెల్లకణాలూ అవి వదిలే రసాలూ, ఇంట్లో దూరిన దొంగను కొట్టబోయి ఇంటి గోడలన్నీ పడగొట్టుకున్నట్టు చేస్తుంది. ఒక దశ దాటాక ఆ బలగమూ చేతులెత్తేస్తుంది, మంట ఆరిపోతుంది, అప్పుడు దిగేదాన్నే మనవాళ్లు జ్వరం దిగడం అంటారు. మూడేళ్లు కుందేళ్లతో గడిపింది. క్రిమి విషం కొద్దిగా ఎక్కించిన కుందేలుకు చెవులు వేడెక్కేవి, వణికేది, మేత ముట్టేది కాదు, తర్వాత చాలావరకు తేరుకునేది. మోతాదు పెంచితే కొన్ని వణకవు, చెవులు చల్లబడి, బోనులో ఓ మూల బుద్ధిగా కూర్చుంటాయి, తెల్లారేసరికి ఉండవు. ఆ చెవుల్ని పట్టుకున్న వేళ్లే ఇవి. ఈ వేళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ప్రొఫెసర్ జగపతి గారికి మాత్రం నేర్పలేకపోయింది. తన పరిశోధనకు గైడు, పెద్దమనిషి, సముద్రం పక్క జిల్లా నుంచి వచ్చినవాడు, దేశమంతా పేరున్న వాడు. అందరి ముందు తన పని వివరిస్తూ, గట్ల ఒళ్లు సల్లగైతది సార్, అని నోరు జారింది, జారడం ఏమిటి, అది తన నోరే. హాలంతా నవ్వింది. సల్లగైతది ఏమిటమ్మా, సినిమాలో పనిమనిషి మాట్లాడినట్టు, హైపోథర్మియా అనలేవూ, అన్నాడాయన చేతిరుమాలుతో కళ్లద్దాలు తుడుచుకుంటూ. అనగలదు. ఆ మాటకు అక్షరాలు కూడా తెలుసు. అనొచ్చు సార్, గని మీ లెక్కల ఆ మాటకు జాగ లేదు గద, అంది. హాలు నవ్వడం మానేసింది. నిజమే కదా, ఆయన లెక్కలో సెప్సిస్, అదే రక్తం విషమెక్కడం, అంటే జ్వరం ఉండాలి, జ్వరం లేకపోతే రోగి ఆ లెక్కలోంచి జారిపోతుంది, జారి ఎక్కడ పడుతుంది? కోలుకున్నవారిలో. చల్లబడ్డ ప్రతి మనిషీ ఆయన వైద్యానికి గెలుపు. ఇంటికి పంపించేస్తే చావు ఇంట్లో జరుగుతుంది, ఆ చావు ఆయన వాకిలి తొక్కదు. నీ థీసిస్‌లో ఆ చల్లబడ్డవాళ్ల అధ్యాయం తీసెయ్యి, సంతకం పెడతాను, అన్నాడు. తీసెయ్యను అంది. ఏడాదైంది, అప్పటినుంచి ఈ ధర్మ దవాఖానలోనే పని. తనతో చేరినవాళ్లంతా పట్టాలు పుచ్చుకుని బల్లలు వేసుకుని కూర్చున్నారు. కూర్చోనీ. వాళ్లను చూసి నాయిన గుటకలు మింగుతాడు, సంతకం కోసం ఒక్కసారి తల వంచితే నీ సొమ్మేం పోయింది బిడ్డా అంటాడు. తల వంచొచ్చు నాయినా. వంచితే మొగుళ్లపల్లి పోచమ్మ కనిపిస్తుంది.

పోచమ్మను ఆమె బతికుండగా చూసింది ఒక్కసారే, జగపతి గారి పెద్ద దవాఖానలో, పత్తి చేలో గొడ్డలి పడి తెగిన కాలుతో. కోలుకుంది, పంపించాం, అన్నారు తర్వాత. కోలుకున్న మనిషి ఎట్లా ఉందో చూద్దామని సుగుణ భూపాలపల్లి బస్సెక్కి, దిగి, ఇంకో బస్సెక్కి మొగుళ్లపల్లి పోయింది. ఇంటిముందు మొగుడు నులకమంచం అల్లుకుంటున్నాడు. చిట్యాల రాకముందే పోయిందమ్మా, బస్సులోనే, అన్నాడు తల ఎత్తకుండా. నా భుజం మీద తల పెట్టి పండుకుంది, నిద్ర వోయిందనుకున్న, చెమట పోయి ఒళ్లంత సల్లగున్నది గద, బాగైందని లేపలే. కండక్టరు టికెట్ అడిగితే అప్పుడు లేపాడట. ఆ మనిషి వేళ్లు నులక మీద ఆగకుండా ఆడుతూనే ఉన్నాయి, ఆగితే ఏడుస్తాడేమో. ఈ పోచమ్మ కోలుకున్నవారిలో ఉంది. ఇప్పటికీ ఉంది. జగపతి గారి ఉపన్యాసంలో, అచ్చయిన పేజీలో, చప్పట్లలో ఉంది. ఆమెను అక్కడ వదిలేసి నేను సంతకం తెచ్చుకోవాలా? పో, నీ సంతకమూ వద్దు, నీ చప్పట్లూ వద్దు. ఎవడబ్బ సొమ్మని చచ్చినవాళ్లతో గెలుపులు కట్టుకుంటారు వీళ్లు?

సీసా సగం దిగింది. ఎప్పుడు దిగింది? మంచం కింద గాజుబుడ్డిలోకి గొట్టం వేలాడుతోంది, పొద్దున్నుంచి అందులో ఒక్క చుక్క మూత్రం పడలేదు, వంగి చూసింది, ఇప్పుడూ లేదు. కొత్త మందు ఎక్కించింది, చేయాల్సింది చేసింది, ఇక రామి ఒళ్లు వినాలి, వినకపోతే? కాళ్ల దగ్గర గొంతుక్కూర్చున్న మాన్‌సింగ్ తలపాగా విప్పి దులుపుకుని మళ్లీ చుట్టుకున్నాడు. ఈయన చెడ్డవాడైతే ఎంత బాగుండేది, కసురుకోవచ్చు, తిట్టొచ్చు. కోడలిని బండి మీద వేసుకుని వానలో రాత్రంతా నడిపించుకొచ్చిన మనిషి. మగ్గుతో టీ తెప్పించి ఆమె ముందు పెట్టాడు, చల్లారిపోతోంది తాగమన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"నువ్వెందుకు గింత పట్టు పడుతున్నవ్ డాక్టరమ్మా. జరం వోయింది గద."

"జరం పోలే బాపూ. కొట్లాట పోయింది. పిల్ల ఒళ్లు కొట్లాడుడు ఇడిసిపెట్టింది."

ముసలాయన ఆ మాటను నమిలాడు. రామి ముఖంలోకి చూశాడు. ఆయనకు తెలుసు ఈ పిల్ల సంగతి, ఇంటికొచ్చిన నాటినుంచి మామతోనే మాటకు మాట ఎదురు చెప్పే పిల్ల, భూమి కౌలు దగ్గర దొర మనిషిని వాకిట్లో నిలబెట్టి కడిగేసిన పిల్ల. ఇట్లా పడుకునే రకం కాదు. కానీ చాందీ అటునుంచి ఏదో అంది వాళ్ల భాషలో, పొద్దు వంక చేయి చూపించి. సీసా ఉంది గద, చూద్దాం, అన్నాడు మాన్‌సింగ్. అయిపోయినంక నువ్వు అడ్డం రావద్దు, మాటంటే మాట. సుగుణ సరేనంది. ఆ సరే అన్నందుకు తనమీద తనకే ఒళ్లు మండింది.

నీళ్లు సీసా మెడ దగ్గరికొచ్చాయి. గోరు నొక్కింది. తెలుపు. వదిలింది. పోయిందా? తొందరగా పోయిందా, తనకు అట్లా అనిపించిందా, కావాలనుకుంటే కళ్లు కూడా అబద్ధమాడతాయి. మళ్లీ నొక్కింది. వంగి చూస్తే బుడ్డి అడుగున టీ డికాక్షన్ రంగులో ఇంత, చెంచాడు కూడా ఉండదు, ఉంది, పడింది, ఎవరో చెవిలో రహస్యం చెప్పినట్టు పడింది. నర్సింగరావు గారూ అని అరవబోయి మానుకుంది. గొట్టంలో గాలి గురగురమంది. సీసా ఖాళీ.

మాన్‌సింగ్ లేచాడు. చాందీ మనవడిని వీపుకు కట్టుకుని మూట సర్దింది. సుగుణ నోట్లో అబద్ధాలు వరసగా లేచి నిలబడ్డాయి, పోలీసు కేసవుతుందని చెప్పొచ్చు, దారిలో వాగు పొంగిందని చెప్పొచ్చు, కాళ్ల మీద పడొచ్చు. అమ్మ కాళ్ల మీద పడలేదు కదా ఆ రోజు. పడి ఉంటే వినేదా? వినేది కాదు, చక్కెర గిన్నె చేతిలో ఉన్నవాళ్లకు ఏమీ వినపడదు. ఆయన రామి భుజాల కింద చేయి పెట్టి లేపబోయాడు, తల వెనక్కి వాలింది, గొంతు ఎముక పైకి తేలింది. సుగుణ అడ్డం పోలేదు, మాట ఇచ్చింది గనక. కాలు మాత్రం వదల్లేదు, కాలు వదులుతానని ఎవరికీ మాటివ్వలేదు. లాక్కుపొండి, నన్ను కూడా బండి మీద వేసుకుని లాక్కుపొండి, మీ యాడి ముందుకు నేనూ వస్తాను, ఆమెనే అడుగుతాను.

అప్పుడు గుప్పిట్లో వేలు కదిలింది. కదలడం కాదు, వణికింది. వణుకు మడమకు పాకింది, పిక్కకు పాకింది, రామి పళ్లు టకటకా కొట్టుకున్నాయి, మంచం ఇనుపకోళ్లు గచ్చు మీద చప్పుడు చేశాయి. మాన్‌సింగ్ భయపడి వెనక్కి పడుకోబెట్టాడు. చాందీ వంగి కోడలి నుదుటి మీద చెయ్యి వేసి, కాలినట్టు తీసేసి, మళ్లీ వేసింది. "మల్ల కాలుతాంది," అంది. చప్పుడుకు నర్సింగరావు పరుగెత్తుకొచ్చాడు, థర్మామీటరు పెట్టాడు, తీశాడు, కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. చక్కగా దిగిన జ్వరాన్ని మళ్లీ తెప్పించావు కదమ్మా, అన్నాడు, ఇంటికి పంపేసి ఉంటే ఈ గొడవే లేకపోయేది.

"తెప్పిచ్చిన సార్," అంది సుగుణ. "ఇంకా తెప్పిస్త."

ఏం చూసుకుని ఆ మాట అందో ఆమెకే తెలియదు. రామి బతుకుతుందని కాదు, ఈ మంట కూడా చంపగలదు, ఒళ్లు మళ్లీ ఇంటి గోడలు పడగొట్టుకోవచ్చు, రేపు ఏమవుతుందో కుందేళ్లు చెప్పవు, పుస్తకాలూ చెప్పవు. కానీ లేచింది. పడుకున్న బలగం లేచింది, ఎవరు నవ్వినా సరే, ఇది ఆమెకు తెలిసిన ఒకే ఒక్క శుభవార్త. మాన్‌సింగ్ చాందీ వంక చూశాడు. ఏం చేద్దాం అన్నట్టు. చాందీ కళ్లు తుడుచుకుని, మూట కింద పెట్టింది. కాలుతున్న మనిషిని యాడి ముందర నిలవెట్టద్దు, అంది చివరికి, చల్లారినంకనే అన్న గద, చల్లారలే, ఆమె పలకలే, నేనే తొందరపడ్డ. ఇయ్యాల వద్దు. మాన్‌సింగ్ తలపాగా సరిచేసుకుని ఎడ్లను విప్పడానికి వానలోకి పోయాడు.

సుగుణ ఒంటిచేత్తోనే రెండో సీసా మూత కొరికి తీసింది, నర్సింగరావు ఏమనుకున్నాడో ఏమో, అందుకుని రాటకు తగిలించాడు. ధార మొదలైంది. గుప్పిట్లో వేలు గోరువెచ్చగా ఉంది, తన చేతి వేడేమో అని ఇంకో చేత్తో రెండో కాలు పట్టుకుని చూసింది, అదీ అంతే. ఊదా మరకలు అట్లాగే ఉన్నాయి, నాడి పరుగు తగ్గలేదు, తగ్గకపోనీ. గోరు మీద బొటనవేలు పెట్టి మళ్లీ గట్టిగా నొక్కింది. మంచం మీద దుప్పటి లేచింది. రామి కళ్లు తెరిచి, ఎర్రగా, నేరుగా ఆమెనే చూస్తోంది, కాలు గుంజుకోబోతోంది.

"కాలు ఇడువక్కా. నొస్తాంది."

సుగుణ విడవలేదు. కళ్లవెంట నీళ్లు కారుతుంటే, ఇంకాస్త గట్టిగా నొక్కింది.

"నొయ్యనీ బిడ్డా," అంది. "నొయ్యనీ."